పానవ్యసనమునకు పండ్రెండు మెట్లు



గతమాసమున నొకనాటి సాయంకాలము మా పొరుగింటి యిల్లాలు వచ్చి, "అక్కయ్యా! ఆయన మరల త్రాగి వచ్చిరి. సీసాలు పారబోసితిని, ఒట్లు పెట్టించితిని, జ్వరమని ఆఫీసునకు అబద్ధపు చీటియు వ్రాసి పంపితిని. ఇంక నేనేమి చేయుదును?" అని కంట నీరు పెట్టుకొనెను. మా యింటివారు బడిపంతులు గాన, బాలురకు బోధించునట్లే అతనికిని నాలుగు నీతులు బోధించి వచ్చిరి. ఫలము శూన్యము.

బోధకు లొంగని ఈ వ్యసనము దేనికి లొంగునని విచారింపగా మాకొక వృత్తాంతము తెలిసినది. 1935లో అమెరికాదేశపు ఆక్రన్ నగరమునకు బిల్ విల్సన్ అనునతడు వ్యాపారపు పనిమీద పోయెను. అతడు త్రాగుట మాని అయిదు మాసములైనది. పోయిన పని చెడగా మరల త్రాగవలెనని మనసు లాగెను. తనవంటి వ్యసనితో మాటలాడినగాని నిలువజాలనని యెంచి, వెదకి, బాబ్ స్మిత్ అను వైద్యుని కలిసికొనెను. తనవలెనే పడి లేచినవాడు చెప్పగా ఆ వైద్యుడు చెవియొగ్గెను. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సమాజము అట్లు పుట్టినది. వారి పండ్రెండు మెట్లు 1939లో గ్రంథరూపమున వెలువడినవి.

మద్యము నెదుట తాను అశక్తుడనని ఒప్పుకొనుట మొదటి మెట్టు. పిదప తాను నమ్మిన రీతిని భగవంతునికి తన్ను అప్పగించుకొనవలెను. తన తప్పులను వ్రాసికొని మరియొకరి యెదుట ఒప్పుకొనవలెను. తాను నొప్పించినవారికి, మరల కీడు కలుగనట్లు, తప్పు దిద్దుకొనవలెను. తనవంటివానికి చేయూత నిచ్చుట కడపటి మెట్టు. అచట రుసుము లేదు, ఇంటిపేరు చెప్ప నక్కరలేదు. బ్రతుకంతటికి ఒట్టును లేదు. నేటికి త్రాగకున్న చాలును. అర్ధరాత్రమున మనసు చలించినను పలుకుటకు పాతవాడొకడు తోడుండును. జూదమున సర్వము పోగొట్టుకొన్న ధర్మరాజునకు బృహదశ్వుడు నీతులు చెప్పక నలుని కథ చెప్పుట మనము చదువలేదా? దెబ్బతిన్నవానికి దెబ్బతిన్నవాని కథయే మందు.

ఇది వట్టి నమ్మకము కాదు. 2020లో పలు పరిశోధనలను కూర్చి పరిశీలించిన పండితులు, మద్యమును పూర్తిగా మానుట విషయమున ఈ మార్గము ఇతర చికిత్సలకు తీసిపోదనియు, కొన్నియెడల మిన్నయనియు తేల్చిరి. అయినను బహుకాలము మితిమీరి త్రాగినవాడు హఠాత్తుగా మానిన వణకును, మూర్ఛయు రావచ్చును, ప్రాణాపాయమును కలుగవచ్చును. కావున వైద్యుని సాయము ముందు కావలెను.

ఇల్లాండ్ర మాట యేమందురా? బిల్ భార్య లోయిస్, తనవంటి స్త్రీలతో గూడి, 1951లో ఆల్-అనాన్ అను సమాజమును నెలకొల్పెను. భర్త త్రాగుటకు భార్య కారణము కాదు, అతనిని మాన్పుటయు ఆమె చేతిలో లేదు. తన మనసును, తన బిడ్డలను కాపాడుకొనుటయే ఆమె వంతు అని అచట నేర్తురు. ఈ రెండు సమాజముల కూటములును మన దేశమందు జరుగుచున్నవి.

ఈ మాటలే మా పొరుగింటి చెల్లెలికి చెప్పితిమి. అతడు చేయి చేసికొన్ననాడు ఓర్చి కూర్చుండక బిడ్డలతో మా యింటికి రమ్మంటిమి. అతడింకను ఏ కూటమునకును పోలేదు. ఆమె మాత్రము పోయి వచ్చినది. మొన్న సోమవారమున అతడు చీటి వ్రాయుమనగా, "మీ చీటి మీరే వ్రాసికొనుడు" అనెనట. అది చెప్పునపుడు ఆమె కంట నీరు లేదు.