వారాంతపు నక్షత్రాలు



మీ పత్రిక గత ఆదివారపు అనుబంధంలో, ఒకే వారాంతంలో ఫోనులో చూసిన నాలుగు పాత సినిమాలకు నక్షత్రాలు పంచిపెట్టిన శీర్షిక, విమర్శ అనే మాటకే చిన్నతనం తెచ్చింది. మూడున్నర గంటలు దాటిన ‘దానవీరశూరకర్ణ’ (1977)ను ఒకటిన్నర రెట్ల వేగంతో ముగించినట్టు సగర్వంగా ప్రకటించుకున్న రచయిత, ఆ వెంటనే అందులో సంభాషణలు మరీ హడావుడిగా ఉన్నాయని తీర్పు చెప్పడం ఆశ్చర్యకరం. ‘మాయాబజార్’లోని రంగులు కనులపండువన్నారు గానీ, 1957లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే ఆ చిత్రాన్ని నలుపు తెలుపుల్లో, వెలుగునీడల ఆధారంగా తీశారని, రంగులు 2010లో కంప్యూటరు అద్దినవని, ఆ ప్రతిలో నిడివి కూడా తగ్గిందని ఒక్క ముక్క రాయలేదు. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988)లో మాటలు తక్కువని ఒకే నక్షత్రంతో సరిపెట్టారు. గడిలో, అనగా దొర నివాసమైన కోటవంటి భవనంలో, నోరు విప్పే హక్కు లేని మనిషి కథకు ఆ మౌనమే భాష అని తోచకపోవడం విచారకరం.

ఈ ఆగ్రహం వెనుక ఒక అనుభవం ఉన్నది. ‘శంకరాభరణం’ (1980) మళ్లీ విడుదలైనప్పుడు హైదరాబాదు ఆబిడ్స్‌లోని ఒక థియేటరులో మార్నింగ్ షోకు వెళ్లిన ఈ పాఠకునికి, మ్యాట్నీకి వేళ మించిపోతుందన్న కారణంతో ఒక రీలును, అనగా సుమారు 11 నిమిషాలు నడిచే వెయ్యి అడుగుల ఫిలిం చుట్టను, పాటతో సహా ఎగరగొట్టిన ప్రదర్శన దక్కింది. ఇదేమని నిలదీస్తే గేటు దగ్గరి మనిషి “పాటనే గద సార్, కథేం పోలే” అన్నాడు. డబ్బు వాపసు అడిగితే, చింపిన టికెట్టుకు పైసలు రావని కౌంటరులోని పెద్దమనిషి సెలవిచ్చాడు. సంగీతమే కథగా నడిచే చిత్రంలో పాటను తీసివేస్తే మిగిలేది చితికిపోయిన ఒక ముసలాయన మాత్రమేనన్న ఇంగితం అక్కడెవరికీ లేకపోయింది. అయితే ఆ థియేటరు మేనేజరుకు బయట మ్యాట్నీ జనం క్యూ కట్టి ఉన్నారన్న సాకైనా ఉన్నది. సోఫాలో కూర్చుని వేలితో సినిమాను ముందుకు తోసే మీ రచయితకు ఏ మ్యాట్నీ ముంచుకొచ్చిందో బోధపడదు.

ఇదే సందర్భంలో మరొక మాట. ఏ థియేటరులో ఏ ఆట నడుస్తున్నదో తెలిపే పట్టికను పత్రిక చడీచప్పుడు లేకుండా ఎత్తివేసింది. నాంపల్లి స్టేషనులో దిగి, సాయంత్రపు బండి దాకా పొద్దు గడపవలసిన జిల్లాల ప్రయాణికునికి ఆ నాలుగు అంగుళాల పట్టిక ఎంత అక్కరకు వచ్చేదో, ఆ స్థానంలో ఇప్పుడు వెలుగుతున్న నగల ప్రకటనకు తెలియదు.

తిరిగి నక్షత్రాల విషయానికి వస్తే, సినిమాపై తీర్పు చెప్పదలచినవారు ఏ ప్రతిని, ఎంత నిడివితో, ఎంత వేగంతో చూశారో మొదట రాయాలి. ‘మాభూమి’ (1979) నెమ్మదిగా సాగిందనడానికి ముందు, అది చిత్రించిన తెలంగాణ రైతాంగ పోరాటాన్ని గురించి రెండు వాక్యాలైనా చదవాలి. అంత ఓపిక లేనప్పుడు ఈ నక్షత్రాల లెక్కను వారఫలాల శీర్షికకు బదిలీ చేయడం ఉభయతారకం.

— ఒక పాఠకుడు, నాంపల్లి