ఇంటింటి చిట్కాలు: పురుగు ఫొటో స్పష్టంగా రావాలంటే

2021లో మన మిరప తోటలను పాడుచేసిన నల్ల తామరపురుగు ఒక మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. పూలలో దాగుతుంది. అధికారికి పంపే ఫొటో మసకగా ఉంటే పురుగేదో తెలియదు. మందు తప్పితే డబ్బూ, పంటా రెండూ పోతాయి.

ముందు ఫోను లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి. పూవును తెల్ల కాగితంపై దులపండి. ఎండలో కాక, వెలుతురున్న నీడలో తీయండి, ఫ్లాష్ వద్దు. మరీ దగ్గరకు పెడితే మసకబారుతుంది. జానెడు దూరంలో ఉంచి, మోచేతులు ఒంటికి ఆనించి, తెరపై పురుగును వేలితో తాకండి, స్పష్టమయ్యాక తీయండి. ఆకు అడుగుభాగం, మొక్క మొత్తం కూడా తీయండి.

పంపేముందు ఫొటోను పెద్దది చేసి చూసుకోండి. మీకే కనబడని పురుగు ఆయనకెలా కనబడుతుంది?