‘తెలియదు’ కూడా ఒక జవాబే

క్రైస్ట్‌చర్చ్‌లో పెరిగే మన పిల్లలకి ప్రతి మగమనిషీ అంకులే. మేనమామకీ బాబాయికీ తేడా కనీసం కంప్యూటరుకైనా నేర్పుదామని ఒక ఆదివారం కూర్చున్నాను. ప్రోలాగ్‌లాంటి రూల్ భాషలుండగా ఆంటాలజీలెందుకనే మిత్రులున్నారు. ఔల్ ఉండగా రూల్సెందుకనేవాళ్ళూ ఉన్నారు. నాకు ఇద్దరితోనూ పేచీయే.

అమ్మకి అన్నో తమ్ముడో అయితే మేనమామ. రూల్సులో ఇది ఒక్క లైను. 2004లో డబ్ల్యూ3సి ప్రమాణంగా వచ్చిన ఔల్‌కి ఈ మాత్రం చెప్పడం చేతకాలేదు. 2009లో వచ్చిన ఔల్ 2లో ‘అమ్మ’, ‘సోదరుడు’ అనే సంబంధాలని గొలుసుగా కలపొచ్చు. మరి మేనరికం? భార్య, మేనమామ కూతురు అనే రెండు దారులూ ఒకే మనిషి దగ్గర కలవాలి. రూల్సుకిది మంచినీళ్ళప్రాయం. ఔల్ 2 మాత్రం ఒప్పుకోదు. ఇలాంటి రూల్సన్నిటినీ ఇష్టమొచ్చినట్టు రానిస్తే, ప్రతి ప్రశ్నకీ ఎప్పటికైనా జవాబు వస్తుందన్న హామీ పోతుంది మరి.

అలాగని రూల్సే గొప్పవనుకోకండి. ‘ప్రతి మనిషికీ తల్లి ఉంటుంది’ అని ఔల్‌లో చెప్పొచ్చు, ఆవిడ పేరు తెలియనక్కర్లేదు. మామూలు డేటాలాగ్‌లో అది కుదరదు.

కాబట్టి ఎవరి బలం వాళ్ళది. నా దృష్టిలో అసలు తేడా ఇంకోటుంది. డేటాలో మేనమామ పేరు లేకపోతే ప్రోలాగ్ ‘లేడు’ అంటుంది. ఔల్ ‘తెలియదు’ అంటుంది.

ఈ ఊళ్ళో ఉంటూ ఆ తేడాని తేలిగ్గా తీసుకోలేను. 2010 సెప్టెంబరు 4న 7.1 తీవ్రతతో భూకంపం వచ్చాక, భవనాలని త్వరత్వరగా చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కాగితాలు అంటించారు. ఆకుపచ్చ అంటే ఆ తనిఖీలో ప్రమాదమేదీ కనబడలేదని. చాలామంది దాన్ని ‘సురక్షితం’ అని చదువుకున్నారు. సీటీవీ భవనానికి అంటించిందీ ఆకుపచ్చే. 2011 ఫిబ్రవరి 22న మరో భూకంపంలో అది కూలి 115 మంది చనిపోయారు. డిజైనులోనే లోపాలున్నాయని తర్వాత రాయల్ కమిషన్ తేల్చింది. పైపై తనిఖీ వాటిని వెతకదు.

అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. కానీ అదే తప్పు నేను సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ఒక ప్రాజెక్టులో ‘లోపం నమోదు కాకపోతే సరే’ అని రూల్ రాశాను. టెస్టింగ్‌లో చూస్తే, అసలు ఎవరూ వెళ్ళి చూడని భవనాలు కూడా తెరమీద పచ్చగా మెరుస్తున్నాయి!

జీతాల పట్టీలో, విమానం సీట్లలో జాబితా పూర్తిగా మన చేతిలో ఉంటుంది. అక్కడ ‘లేదు’ అంటే లేనట్టే, రూల్సు హాయిగా వాడండి. రోగుల వివరాలు, భవనాల తనిఖీలు అలా కాదు. అక్కడ ‘తెలియదు’కి చోటుంచండి. రెండూ కావాలంటే, డేటాలో పేరున్నవాళ్ళకే రూల్సు వర్తించేలా కట్టడి చేసి, ఔల్‌తో కలిపి వాడే పద్ధతీ ఉంది.

క్లయింటు ముందు ‘తెలియదు’ అనడం మనకి నామోషీ. ఆ జబ్బు మన ప్రోగ్రాములకి అంటించకపోతే చాలు.