పావుగంట వంట ఎవరి పని?

మన గోడపత్రికలో ఇంతవరకు కథలు వచ్చాయి, కవితలు వచ్చాయి, పుస్తక పరిచయాలు వచ్చాయి. వంట గురించి మాత్రం ఎవరూ రాయలేదు. "తెలుగు విభాగంలో వంటేమిటే?" అని మీరు అడిగేలోపే నా మాట చెప్పేస్తాను. నేను రాస్తున్నది పండగ వంట గురించి కాదు. మామూలు రోజుల్లో, రాత్రి ఏడున్నరకు, ఇంట్లో అందరూ అలసిపోయి ఉన్నప్పుడు చేసే వంట గురించి. అది సులువుగా ఉండాలి, నాలుగు వస్తువులతో అయిపోవాలి, తింటే నోటికి గట్టిగా తగలాలి. ఇంకో మాట కూడా ఉంది. అంత సులువైన వంటను ఆడవాళ్లకే వదిలేయడం తప్పు.

ఈ ఆలోచన నాకు ఊరికే రాలేదు. మా అమ్మ జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పని చేస్తుంది. మన బళ్లారిలో ఆ పని చేసే అమ్మలు మీ ఇళ్లలోనూ ఉండొచ్చు. ఆమె ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. పోయిన సెమిస్టర్‌లో ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి, కొనుక్కొచ్చిన జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి, పెరుగు, పచ్చి ఉల్లిగడ్డ పెట్టుకుని తిందామనుకున్నాం. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి మా పెద్దనాయన వచ్చాడు. పళ్లెం చూసి నవ్వుతూనే అన్నాడు: "ఇంతేనా? వయసొచ్చిన ఆడపిల్ల ఇంట్లో ఉండి, రొట్టె, పొడా?"

అమ్మ ఏమీ అనలేదు. లేచి కుక్కర్ పెట్టింది. అన్నం, పప్పు, వంకాయ కూర, చారు అయ్యేసరికి తొమ్మిదిన్నర. నేను కూరగాయలు తరిగాను, తర్వాత గిన్నెలు కడిగాను. పుస్తకం తెరిచేసరికి పదకొండు. మా తమ్ముడు పీయూసీ చదువుతున్నాడు. వాడు పెద్దనాయన పక్కన కూర్చుని క్రికెట్ చూశాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అనాలని నాకూ తోచలేదు. తర్వాత నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ముందు ఆ "ఇంతేనా" అనే మాట సంగతి చూద్దాం. రొట్టె, పొడి తక్కువ తిండి ఎట్లయింది? మనది నల్లరేగడి నేల, వానలు తక్కువ. ఇక్కడ పండేది జొన్న, శనక్కాయ, మిరప. కొబ్బరి చెట్లున్న సీమ కాదు, కాలువల కింద మూడు పంటలు తీసే సీమా కాదు. ఉన్న నాలుగింటితోనే రుచి పుట్టించడం మన అవ్వలు నేర్చుకున్నారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పాత బళ్లారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి. బళ్లారి, సిరుగుప్ప, హొసపేట ఇటు మైసూరులో కలిశాయి. మా అవ్వది ఆలూరు వైపు. గీత గీసినా వంటిల్లు మాత్రం రెండు ముక్కలు కాలేదు. అటువాళ్లు ఉగ్గాని అంటారు, ఇటు కన్నడంలో మండక్కి ఒగ్గరణె అంటారు. ఒగ్గరణె అంటే తాలింపే కదా! మన ఉగ్గాని ఆ మాట నుంచే వచ్చిందేమోనని నా అనుమానం. మేడమ్‌లు సరిదిద్దాలి.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రిపూట నడిచే మూడు వంటలు చెప్తాను.

మొదటిది ఉగ్గాని. నలుగురికి పావుకిలో బొరుగులు చాలు. నీళ్లలో వేసి, ఒక్కసారి ముంచి, వెంటనే పిండి పక్కన పెట్టాలి. నూనెలో ఆవాలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు వేసి వేగాక బొరుగులు కలపాలి. పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి, రెండు తెల్లగడ్డ రెబ్బలు పొడి కొట్టి చల్లాలి. దించాక నిమ్మకాయ పిండాలి. పావుగంట పని. బజ్జీలు ఉంటే బాగుంటుంది, లేకపోతే నష్టం లేదు.

రెండోది శనక్కాయల పొడి. ఆదివారం ఒక్కసారి చేసుకుంటే రెండు వారాలు వస్తుంది. ఒక గ్లాసు శనక్కాయ విత్తనాలు సన్నని సెగ మీద వేయించి పొట్టు తీయాలి. ఎనిమిది ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, ఉప్పు, చిటికెడు జీలకర్ర కలిపి బరకగా కొట్టాలి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. మిరపకాయల్లో సగం బ్యాడగి, సగం గుంటూరు వేసుకోండి. హావేరి జిల్లా బ్యాడగి మిరపకాయకు 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానిది ఎర్రటి రంగు, కారం తక్కువ. గుంటూరుది మంట. రెండూ కలిస్తేనే మన సరిహద్దు రుచి.

మూడోది ఊరుబిండి. వేయించిన శనక్కాయలు, నూనెలో వేయించిన మిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి దంచి, చివరికి పచ్చి ఉల్లిగడ్డ వేసి ఒక్క పోటు వేయాలి. ఉల్లిగడ్డ నలగాలి గాని మెత్తబడకూడదు. వేడి అన్నంలోకైనా, రాగి సంగటిలోకైనా ఇంకేమీ అక్కర్లేదు.

ఇన్ని తక్కువ వస్తువుల్లో అంత రుచి ఎక్కడిది? మసాలాలు పెంచడంలో లేదు. మిరపకాయలోని కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే వేయించిన మిరపకాయ కారం ముద్ద ముద్దకూ తెలుస్తుంది. శనక్కాయను దోరగా వేయిస్తే వాసన మారిపోతుంది. పులుపు చివర్లో కలిపితే నాలుక మీద నిలుస్తుంది. మా అవ్వ చదువుకోలేదు గాని ఈ మూడూ ఆమెకు చేతిలోనే ఉన్నాయి.

ఇందులో దాపరికం లేకుండా ఒకటి చెప్పాలి. జొన్నరొట్టె కొట్టడం సులువు కాదు. జొన్నపిండిలో గోధుమపిండికున్న సాగుడు ఉండదు. వేడినీళ్లతో కలపాలి, చేత్తో తట్టాలి, పెనం మీద వేశాక తడిగుడ్డ అద్దాలి. అది ఏళ్ల మీద వచ్చే విద్య. అందుకే మేము వారం మధ్యలో రొట్టెలు కొంటాం. రొట్టెలు చేసి అమ్ముకునే అక్కలు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్లకు నాలుగు రూపాయలు వస్తాయి, అమ్మకు నడుం నొప్పి తప్పుతుంది. దీన్ని బద్ధకం అనేవాళ్లు ఒక్కరోజు ఇరవై రొట్టెలు తట్టి చూసి మాట్లాడాలి.

"ఇవి తింటే బలం వస్తుందా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. శనక్కాయ విత్తనాల బరువులో దాదాపు పావువంతు మాంసకృత్తులే. జొన్న ఉంది, పెరుగు ఉంది. వారానికి రెండు మూడు సార్లు పుండికూరో మెంతికూరో పప్పులో వేసుకుంటే లోటేమీ లేదు. రోజూ పొడే తినమని నేను అనడం లేదు.

ఇంకొందరి మాట వేరు. "వండి పెట్టడంలో ప్రేమ ఉంటుంది, అన్నీ లెక్కలేనా?" అంటారు. ఉగాదికి అమ్మతో కలిసి ఓళిగలు చేయడం నాకూ ఇష్టమే. పూర్ణం రుబ్బుతూ మేమిద్దరం మాట్లాడుకునే మాటలు మళ్లీ ఏడాదికి గాని రావు. కానీ పది గంటలు కుట్టుమిషన్ మీద వంగిన మనిషి దగ్గర రాత్రికి నాలుగు రకాలు కోరడాన్ని ప్రేమ అనలేను. ఆ ప్రేమ కూడా ఒకవైపు నుంచే ఎందుకు రావాలి?

లెక్కల మాట వచ్చింది గనుక ఒక లెక్క. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జనం రోజులో సమయాన్ని ఎట్లా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్లే నూటికి 26 మంది. 2024లో మళ్లీ చేస్తే ఆడవాళ్ల లెక్క 289 నిమిషాలకు వచ్చింది. ఐదేళ్లలో పది నిమిషాలు తగ్గాయన్న మాట. మగవాళ్ల లెక్క పెరిగిందా అంటే అదీ లేదు, 88కి దిగింది. మనం ఇట్లాగే నడిస్తే సమానం కావడానికి ఎన్ని తరాలు పడుతుందో మీరే వేసుకోండి.

"ఇది తరతరాల ఆచారం, మారదు" అనేవాళ్లకు మన పక్కనున్న హంపినే చూపిస్తాను. విజయనగర రాజ్యం మొదలైంది 1336లో. వాస్కో డ గామా మన తీరానికి వచ్చింది 1498లో. మిరపకాయ, శనక్కాయ రెండూ అమెరికా ఖండాలవి. పోర్చుగీసువాళ్లు వచ్చాకే మనకు చేరాయి. అంటే హరిహరరాయలూ బుక్కరాయలూ శనక్కాయల పొడి ఎరగరు. వాళ్ల కారం మిరియాలది. ఇవాళ మిరపకాయ లేని బళ్లారి పళ్లెం ఊహించగలమా? నాలుకే ఇంత మారినప్పుడు, వంట ఎవరు చేయాలన్నది మారకూడదా?

మా ఇంట్లో కొంచెం మారింది. ఆ రాత్రి గడిచిన వారానికి తమ్ముడితో అన్నాను: "బుధవారం, శనివారం ఉగ్గాని నీది." "నాకు రాదు కదక్కా" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ మాటే వాణ్ణి కాపాడింది. నాలుగు వస్తువుల వంట దగ్గర ఆ మాట చెల్లదు. మొదటిసారి బొరుగులు నీళ్లలో వదిలేసి ఫోన్ చూసుకున్నాడు. అంతా పేస్టులాగా అయింది. అయినా తిన్నాం. రెండోసారి ఉప్పు మరిచాడు. ఇప్పుడు వాడి ఉగ్గాని నా దానికంటే బాగుంటుంది, నిమ్మకాయ ఎప్పుడు పిండాలో వాడికి తెలిసింది. బుధవారం రాత్రి అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. మొదట్లో "నేను చేస్తాలేరా" అని రెండుసార్లు లేచింది. ఇప్పుడు లేవడం లేదు. నేను ఆ గంటలో చదువుకుంటున్నాను. ఈ వ్యాసం కూడా ఒక బుధవారం రాసిందే.

పెద్దనాయన మళ్లీ వచ్చాడు. తమ్ముడే ఉగ్గాని పెట్టాడు. ఏమీ అనకుండా రెండోసారి పెట్టించుకున్నాడు. ఆయన మారిపోయాడని నేను చెప్పను. "ఇంతేనా" అనలేదు, అంతే.

ఈ కాగితం కింద కొంత ఖాళీ వదిలిపెట్టాను. మీ ఇంట్లో పావుగంటలో అయ్యే రాత్రి వంట ఏదైనా ఉంటే రాసి ఇక్కడ అంటించండి. మేడమ్‌లు కూడా రాయాలి. వంట పేరు పక్కన ఎవరు వండారో తప్పకుండా రాయండి. నెలాఖరుకు ఆ పేర్లన్నీ ఒకసారి చదువుకుందాం. అందులో నాన్నలు, అన్నలు, తమ్ముళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క పెడదాం.