మళ్లీ దొరకని ఇంజిన్‌తో పాత పడవ... కొనొచ్చా?

'ఒక్క గుంజుడుకే స్టార్టయితదే అన్నా! ఇసొంటి ఇంజిన్ మల్ల దొరకది'... పాత మోటారు పడవను అమ్మజూపేవాళ్ల నోట తరచూ వచ్చే మాట ఇది. మొదటి వాక్యం విని మురిసిపోయేవాళ్లు రెండో వాక్యాన్ని పట్టించుకోరు. నిజానికి చెవులు రిక్కించి వినాల్సింది దాన్నే. మళ్లీ దొరకని ఇంజిన్‌కు సామాన్లు మాత్రం ఎక్కడ దొరుకుతాయి?

జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లో మోటారు పడవతో పని తక్కువే. స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయరైనా, బయ్యారం పెద్దచెరువైనా... చేపలు పట్టేవాళ్లు తెప్పతోనో, థర్మాకోల్ షీట్లతోనో, తెడ్డేసే నాటు పడవతోనో గడిపేస్తారు. భూపాలపల్లి జిల్లాకు పోతే లెక్క మారుతుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిశాక ఆ వెడల్పునీ, ఆ వడినీ తట్టుకోవాలంటే రెక్కల బలం చాలదు.

చేపల వేట సంగతి సరే, ఈమధ్య వరదలు మరో అవసరాన్ని గుర్తుచేశాయి. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర్లోని మోరంచపల్లిని ముంచేసింది. జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. వాళ్లను తీసుకురావడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం - ఇంటికన్నె మధ్య వరద ధాటికి రైలు పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది. ఇవన్నీ చూశాక 'ఊళ్లో ఒక మోటారు పడవుంటే బాగుండు' అనిపించడం సహజం. కొత్తది కొనాలంటే ధర భయపెడుతుంది. చూపు పాతదానివైపు మళ్లుతుంది. అక్కడే జాగ్రత్తపడాలి.

కంపెనీ చేతులెత్తేస్తే...

పడవ వెనక చెక్కకు బిగించి, పనయ్యాక ఊడదీసుకెళ్లే ఇంజిన్‌ను ఔట్‌బోర్డ్ మోటారంటారు. దీన్ని జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆయన 1909లో మిల్వాకీలో ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ పేరుకు తిరుగులేదనుకున్నారంతా. 2000 డిసెంబరులో ఎవిన్‌రూడ్, జాన్సన్ మోటార్ల మాతృసంస్థ దివాలా తీసింది. ఆ పేర్లు కెనడాకు చెందిన బొంబార్డియర్ చేతికి వెళ్లాయి. ఆ తర్వాత జాన్సన్ కనుమరుగైంది. 2020 మేలో ఎవిన్‌రూడ్ తయారీని కూడా ఆపేస్తున్నట్టు ప్రకటించారు. నూట పదకొండేళ్ల పేరుకే ఆ గతి పట్టింది!

అయితే తయారీ ఆగినంత మాత్రాన ఇంజిన్ ఇనప తుక్కయిపోదు. ఎక్కువగా అమ్ముడుపోయిన మోడళ్లకు సామాన్లు చేసే బయటి కంపెనీలూ ఉంటాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న 'కంపెనీ ఉందా?' అని కాదు, 'సామాను ఉందా?' అని.

సామాన్లలో రెండు రకాలున్నాయి. స్పార్క్ ప్లగ్గు, బేరింగు, ఆయిల్ సీలు వంటివి నంబరో కొలతో చెబితే చాలాసార్లు మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి. నీళ్లు తోడే రబ్బరు చక్రం... అదే ఇంపెల్లర్, ఇగ్నిషన్ కాయిల్, కింది గేర్లు అలా కాదు. ఏ మోడల్‌వి ఆ మోడల్‌కే సరిపోతాయి. బేరం కుదుర్చుకునే ముందే ఇంజిన్ బిగింపు మీదుండే మోడల్, సీరియల్ నంబర్లు రాసుకోవాలి. కాకినాడలోనో విశాఖలోనో మోటారు పడవలు బాగుచేసేవాళ్లకు ఫోన్ చేసి ఈ మూడూ దొరుకుతాయేమో, ఎంతవుతాయో కనుక్కోవాలి. 'దొరకవు' అన్నారా... ఇంజిన్‌కు సున్నా వేసి, ఒక్క పడవకే ధర కట్టాలి.

ఇంకో సంగతి. బాగా పాతదంటే బాగా కష్టమని అనుకోనక్కర్లేదు. కార్బురేటర్ ఉన్న ఇంజిన్‌ను మంచి మెకానిక్ ఎలాగోలా దారికి తెస్తాడు. కంప్యూటర్ తగిలిస్తే తప్ప జబ్బేమిటో తెలియని ఎలక్ట్రానిక్ ఇంజిన్ తయారీ ఆగిపోతే కష్టం ఎక్కువ.

పీపాలో పరీక్ష

నీళ్లు లేకుండా ఒడ్డున స్టార్ట్ చేసి చూపిస్తానంటే వద్దనాలి. ఈ ఇంజిన్‌ను చల్లబరిచేది బయటినుంచి తోడుకునే నీరే. పొడిగా తిప్పితే రబ్బరు చక్రం క్షణాల్లో దెబ్బతింటుంది. పెద్ద పీపాలో నీళ్లు పోసి, ఇంజిన్ కాలు అందులో మునిగేలా నిలబెట్టాలి. స్టార్ట్ చేసే ముందు ఇంజిన్‌ను తాకి చూడాలి. వెచ్చగా ఉందంటే మీరు రాకముందే ఒకసారి నడిపారన్నమాట! స్టార్టయ్యాక వెనకనుంచి నీటిధార సన్నగా, ఆగకుండా పడాలి. పావుగంట నడిపి, ఆపి, వేడి మీదే మళ్లీ లాగాలి. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా స్టార్టయి, వేడెక్కాక మొరాయించే ఇంజిన్లు బోలెడు.

ఇంజిన్ ఆపాక కింది గేర్ల పెట్టె మర వదులు చేసి నాలుగు చుక్కల ఆయిల్ చూడాలి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే. ప్లగ్గులు తీసి కంప్రెషన్ కొలిపించాలి. రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే అనుమానించాల్సిందే.

పడవనూ వదలొద్దు. ఫైబరు పడవైతే వేలిముడితో అడుగడుగునా తట్టి చూడాలి. ఒకచోట ఖంగుమని, మరోచోట బొద్దుగా పలికిందంటే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. ఇంజిన్ బిగించే వెనక చెక్క మరీ ముఖ్యం. ఇంజిన్ కాలిని పట్టి ఊపినప్పుడు ఆ చెక్క కదిలితే లోపల కుళ్లిందేమో చూడాలి.

మన నీళ్లకు తగిందేనా?

సముద్రంలో బాగా నడిచింది ఇక్కడా నడవాలని లేదు. చెరువుల్లో గుర్రపుడెక్క పంకాకు చుట్టుకుంటుంది, నాచు నీటి రంధ్రాలకు అడ్డుపడుతుంది. గోదావరి ఇసుక రబ్బరు చక్రాన్ని అరగదీస్తుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక అక్కడి నిల్వ నీటిని వదిలేశారు. నిండు నీటిని ఊహించుకుని పొడవు కాలు ఇంజిన్ కొంటే ఇసుక మేటల్లో అది పంకాతో దున్నాల్సిందే! సాధారణంగా కాలు పొడవు 15, 20 అంగుళాల్లో వస్తుంది. వెనక చెక్క ఎత్తుకు తగ్గదే తీసుకోవాలి.

మనుషుల్ని ఎక్కించుకునే ఉద్దేశముంటే కాగితాలు తప్పనిసరి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. దీని ప్రకారం ఇంజిన్ పడవకు సర్వే సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ ఉండాలి. అమ్మేవాళ్ల దగ్గర అవి లేకపోతే, వచ్చే మార్గమేదో తేలాకే డబ్బు చేతిలో పెట్టాలి.

అన్నీ సరిపోయి కొన్నారనుకుందాం. మొదటి ప్రయాణానికి ముందే రెండు ఇంపెల్లర్లు, ఒక కాయిల్, నాలుగు ప్లగ్గులు తెచ్చి దాచుకోవాలి. దొరుకుతున్నప్పుడే కొనాలి, చెడిపోయాక వెతికితే లాభం లేదు. ఎక్కేవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు, ఒక తాడు, ఒక లంగరు పడవలోనే ఉండాలి. వీటితోపాటు రెండు తెడ్లు కూడా. వరదలో ఇంజిన్ ఆగితే మెకానిక్ రాడు. ఒడ్డు చేర్చాల్సింది ఆ తెడ్లే.