ప్రయత్నాలు ఇచ్చారు, కాలం ఇవ్వలేదు

సివిల్ సర్వీసెస్ పరీక్ష గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒక లెక్క వినిపిస్తుంది. జనరల్, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 6 ప్రయత్నాలు, 32 ఏళ్ల వయఃపరిమితి. ఓబీసీలకు 9 ప్రయత్నాలు, 35 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీలు 37 ఏళ్లు వచ్చేవరకు ఎన్నిసార్లయినా రాయవచ్చు. ‘ఇన్ని అవకాశాలిచ్చాక ఇంకేం కావాలి?’ అన్న ప్రశ్నతో ఆ లెక్క ముగుస్తుంది. అనంతపురంలో పాఠం చెప్పే నాకు అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుందనిపిస్తుంది. ఆ అవకాశాలను వాడుకోగలుగుతున్నది ఎవరు?

ఒక ప్రయత్నమంటే ఒక రోజు రాసే పరీక్ష కాదు. 2023 పరీక్షకు ఆ ఏడాది ఫిబ్రవరిలో నోటిఫికేషన్ వెలువడితే, తుది ఫలితాలు 2024 ఏప్రిల్ 16న వచ్చాయి. అంటే 14 నెలలు. అంతకుముందు తయారీకి మరో ఏడాది. సంపాదన లేకుండా, ఇంటికి పైసా పంపకుండా గడిపే రెండేళ్లు ఉంటే తప్ప ఒక్క ప్రయత్నం పూర్తికాదు. నిబంధన వయసును సడలిస్తుంది గానీ ఆ ఏళ్లకు తిండి పెట్టదు. అది ఇంటి నుంచి రావాలి. ఏ ఇంట్లో అంత నిల్వ ఉంటుందన్నది తరతరాలుగా భూమి, నీరు, చదువు, కొలువు ఎవరి చేతిలో ఉన్నాయన్న దానిపై ఆధారపడుతుంది. మన సమాజంలో ఆ పంపకం చేసింది కులమే.

సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పీఠభూమిలో ఆ నిల్వ మరీ పలచన. ప్రిలిమ్స్ జరిగే మే, జూన్ నెలల్లోనే వేరుశెనగకు దుక్కి సిద్ధం చేయాలి, విత్తనానికి అప్పు పుట్టించాలి. పంట ఎండితే అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పనులకు వెళతారు. మాదిగ, బోయ, కురుబ, సుగాలి కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులు పీజీ పూర్తయిన నెలకే ఏదో ఒక జీతానికి కుదురుకోవడం నేను ఏటా చూస్తున్నాను. వారికి పట్టుదల లేక కాదు, ఆగే వీలు లేక. అమ్మాయిలకైతే డిగ్రీకీ పెళ్లికీ నడుమ దొరికే కాలం ఇంకా తక్కువ. ‘ఎన్నిసార్లయినా’ అన్న హక్కు చాలామంది విషయంలో ఒక్కసారి కూడా అమలు కాదు.

కాలాన్ని, దూరాన్ని వెలివేతకు సాధనాలుగా వాడవచ్చని ఈ దేశానికి ఒకప్పుడు బాగా తెలుసు. ఐసీఎస్ పరీక్ష లండన్‌లో మాత్రమే జరిగిన రోజుల్లో, 1870లలో గరిష్ఠ వయసును 21 నుంచి 19కి తగ్గించినప్పుడు సురేంద్రనాథ్ బెనర్జీ దేశమంతా తిరిగి ఉద్యమించారు. నిబంధనలో జాతి పేరు లేకపోయినా భారతీయులను దూరం పెట్టడమే దాని ఫలితమని అప్పటి విద్యావంతులు గ్రహించారు. 1922లో పరీక్ష అలహాబాద్‌కు వచ్చింది. నేడు ప్రిలిమ్స్ కేంద్రం అనంతపురంలోనే ఉంది. అయినా తయారీ మాత్రం హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనో, ఢిల్లీలోనో గది అద్దె కట్టగలిగిన వారి చేతిలో ఉంది. నాడు లండన్ ఓడ ఖర్చును అన్యాయమన్న వర్గాలే నేడు అశోక్‌నగర్ అద్దెను ప్రతిభలో భాగంగా చూస్తున్నాయి.

ప్రభుత్వాలు సాయం చేయడం లేదని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రకటించిన పథకం ప్రిలిమ్స్ దాటితే లక్ష రూపాయలు, మెయిన్స్ దాటితే మరో 50 వేలు ఇస్తామంది. 2024లో తెలంగాణ కూడా ప్రిలిమ్స్ దాటిన వారికి లక్ష ప్రకటించింది. రెండూ మంచివే. కానీ 2023లో 5,92,141 మంది ప్రిలిమ్స్ రాస్తే మెయిన్స్‌కు అర్హులైనది 14,624 మంది, అంటే దాదాపు నలభై మందిలో ఒకరు. గడప దాటిన వారికే చెయ్యందిస్తే, గడప దాకా రాలేకపోయిన వారి మాటేమిటి?

ఆ గడప మీద భాష కూడా ఉంది. 1979 నుంచి మెయిన్స్ తెలుగులో రాయవచ్చు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం మాత్రం నేటికీ ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. 2016 పరీక్షలో తెలుగులో రాసి మూడో ర్యాంకు సాధించిన రోణంకి గోపాలకృష్ణను మనం గర్వంగా తలచుకుంటాం. ఆయన వ్యవసాయ కూలీల బిడ్డ, అప్పటికే ప్రభుత్వ ఉపాధ్యాయుడు. ఆ విజయంలో పట్టుదలతో పాటు నెలనెలా వచ్చే జీతం ఇచ్చిన నిలకడనూ గుర్తించాలి.

రిజర్వేషన్ పొందే కులాల మధ్య కూడా ఈ కాలం సమానంగా లేదు. కేంద్ర ఉద్యోగాలు, ప్రవేశాలలో ఓబీసీ ప్రయోజనాల్లో 97 శాతం నాలుగో వంతు కులాలకే చేరాయని, 983 కులాలకు ఏమీ అందలేదని రోహిణి కమిషన్ పరిశీలన 2018లో తేల్చింది. ఎస్సీల వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తలుపు తెరిచింది. వాటా విడదీయడం అవసరమే. అయితే ఆ వాటా దాకా నడిచే శక్తి ఇవ్వకపోతే అది కాగితం మీదే మిగులుతుంది.

చేయవలసింది స్పష్టం. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్న అనంతపురంలోనే ఇంగ్లీషు శిక్షణతో కూడిన వసతి స్టడీ సర్కిల్ ఉండాలి. కరువు మండలాల ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు ప్రిలిమ్స్‌కు ముందే రెండేళ్లపాటు నెలవారీ భృతి ఇవ్వాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ తన కొన్ని పరీక్షలను 13 ప్రాంతీయ భాషల్లో పెడుతున్నప్పుడు ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం తెలుగులో రాకపోవడానికి కారణం కనిపించదు. అభ్యర్థుల ఉపకులం, తల్లిదండ్రుల వృత్తి వివరాలను పేర్లు లేకుండా ఏటా ప్రకటించాలి.

ఏ మండలం కరువు మండలమో, ఏ రైతుకు పరిహారమో, ఏ తాండాకు నీళ్ల ట్యాంకరో నిర్ణయించే కుర్చీలకు మనుషులను పంపే పరీక్ష ఇది. ఎండిన చేను గట్టున పెరిగిన బిడ్డలు ఆ కుర్చీల దాకా చేరాలంటే వారికి కావలసింది మరో ప్రయత్నం కాదు, మొదటి ప్రయత్నం పూర్తయ్యేదాకా తిండి.