విశాఖ జట్టు విశాఖలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు: హాకీ ఇండియా అధ్యక్షులకు బహిరంగ లేఖ

హాకీ ఇండియా అధ్యక్షులు శ్రీ దిలీప్ తిర్కీ గారికి,

విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి రాస్తున్నాను. మాది రైల్వే జంక్షన్. కిరండూల్ వెళ్లే కేకే లైను ఇక్కడే మొదలవుతుంది. అలెప్పీ–ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ మా ఊరి మీదుగానే రూర్కెలా, రాంచీ వెళ్తుంది. ఇచ్ఛాపురం దాటితే మీ ఒడిశాయే. హాకీ ఊపిరిగా బతికే నేలకు ఇంత దగ్గర్లో ఉన్నా, ఆ ఆట మాత్రం మాకు దూరంగానే ఉండిపోయింది. 2024 అక్టోబరులో ఆ దూరం తగ్గుతుందని ఆశపడ్డాం. ఆ ఆశ ఏమైందో మీకు చెప్పాలనే ఈ లేఖ.

2017 తర్వాత ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్‌ను మీరు మళ్లీ నిలబెట్టారు. అందుకు ముందుగా కృతజ్ఞతలు. పురుషులకు ఎనిమిది జట్లు, తొలిసారిగా మహిళలకు కూడా లీగ్. ఆ ఎనిమిదిలో ఒకటి విశాఖపట్నం జట్టు, టీమ్ గోనాసిక. అక్టోబరు 13 నుంచి 15 వరకు ఢిల్లీలో వేలం జరిగింది. పురుషుల జట్టుకు నాలుగు కోట్ల రూపాయల పరిమితి. ఆ డబ్బుతో 24 మందిని కొనుక్కోవాలి. అందులో కనీసం 16 మంది మనవాళ్లు, ఆ 16 మందిలో నలుగురు జూనియర్లు, మిగతా ఎనిమిది మంది విదేశీయులు. లెక్క ఇలా తేటగా ఉండడంతో, హాకీ స్టిక్ ఎప్పుడూ పట్టనివాళ్లు కూడా జట్టు కూర్పు గురించి మాట్లాడుకోగలిగారు.

మాట్లాడుకోవడమేమిటి, వాదించుకున్నారు. మన్‌ప్రీత్ సింగ్‌ను గోనాసిక 42 లక్షలకు కొంది. యువ ఫార్వర్డ్ అరైజీత్ సింగ్ హుందాల్‌కూ అంతే పెట్టింది. ఇద్దరికీ కలిపి 84 లక్షలు, అంటే మొత్తం పరిమితిలో అయిదో వంతు కంటే ఎక్కువ. “ఏటి బావా, వయసు ముప్పై దాటినోడికీ, ఇరవై ఏళ్ల గుంటడికీ ఒకే రేటేటి?” అని ఒకరు. టోక్యోలో కాంస్యం తెచ్చిన కెప్టెన్ పక్కన ఉంటే కుర్రాళ్లకు కొండంత ధైర్యం, ఆ ధైర్యానికి కూడా వెల కట్టాలి కదా అని ఇంకొకరు. పెనాల్టీ కార్నర్ కొట్టేవాడి మీద పెట్టకుండా మిడ్‌ఫీల్డ్ మీద ఇంత పెట్టడమేమిటని మరొకరు.

ఆ మూడో వాదనలో పస ఉందని సీజన్ ముగిసేసరికి తేలింది. పెనాల్టీ కార్నర్లలో కొట్టే డ్రాగ్ ఫ్లిక్‌లో ఆరితేరిన గొంజాలో పెయ్యాను 68 లక్షలకు తెచ్చుకున్న హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్‌ దాకా వెళ్లింది. అభిషేక్‌కు 72 లక్షలు, జుగ్‌రాజ్ సింగ్‌కు 48 లక్షలు పెట్టిన బెంగాల్ టైగర్స్ కప్పు గెలిచింది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఆ ఫైనల్‌లో బెంగాల్ 4–3తో నెగ్గింది. నాలుగు గోల్స్‌లో మూడు జుగ్‌రాజ్‌వే. 48 లక్షలు ఎక్కువని అన్నవాళ్లు ఆ రాత్రి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అధ్యక్షా, ఆట ఇలాగే ఊళ్లలోకి వస్తుంది. మ్యాచ్‌లు లేని నెలల్లో ఎవరిని కొన్నారు, ఎవరిని వదిలేశారు, ఎంతిచ్చారు అనే మాటలే అభిమానిని జట్టుకు కట్టిపడేస్తాయి.

అయితే అభిమాని వాదించేది తన జట్టు అనుకున్నప్పుడే. ఇక్కడే మీ లీగ్ మమ్మల్ని వదిలేసింది. తొలి సీజన్ మ్యాచ్‌లన్నీ రూర్కెలా, రాంచీల్లోనే పెట్టారు. ఏడేళ్ల విరామం తర్వాత మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఖర్చు చూసుకోవాలి, మంచి టర్ఫ్ ఉన్నచోటే ఆడించాలి. ఆ కారణం మాకు అర్థమైంది. వచ్చే ఏడాది వైజాగ్‌లో చూస్తాంలే అని సర్దిచెప్పుకున్నాం. రెండో సీజన్ వచ్చేసరికి గోనాసిక పేరే జాబితాలో లేదు. రాంచీ రాయల్స్ అనే కొత్త పేరు కనిపించింది. 2026 జనవరిలో చెన్నైలో మ్యాచ్‌లు జరిగాయి. తమిళనాడు జట్టును అక్కడివాళ్లు కళ్లారా చూసుకున్నారు. విశాఖ జట్టు మాత్రం విశాఖ గడ్డ మీద ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే చరిత్రలో కలిసిపోయింది.

ఆటగాళ్ల విషయంలో మీ లీగ్ బాధ్యతగానే నడుచుకుంది. మరో జట్టు యూపీ రుద్రాస్ తప్పుకున్నప్పుడు లీగ్ పాలకమండలే ఆ స్థానంలో జట్టును నడిపింది. వేలంలో అమ్ముడైన ఆటగాడు యజమాని నిర్ణయానికి బలి కాకూడదన్న ఆ పట్టింపు గొప్పది. ఆటగాడి పట్ల చూపిన ఆ బాధ్యతలో కొంతైనా అభిమానికీ దక్కాలని అడుగుతున్నాను. జట్టు ఎందుకు వెళ్లిపోయిందో, తిరిగి వచ్చే అవకాశం ఉందో లేదో ఆ ఊరివాళ్లకు చెప్పడం మీ బాధ్యత.

ఇక్కడ జనం రారేమోనన్న అనుమానం మీకు ఉంటే కబడ్డీని చూడండి. ప్రో కబడ్డీ 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ రెండు కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొంటే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దాని మీద నెలల తరబడి చర్చ నడిచింది. 2025లో అదే పవన్ 59.50 లక్షలకు తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోతే మళ్లీ చర్చ. ఆ ఏడాది ఆగస్టు 29న ప్రో కబడ్డీ 12వ సీజన్ విశాఖలోనే మొదలైంది. తొలి మ్యాచ్ టైటాన్స్‌కూ తలైవాస్‌కూ మధ్యే. నిన్నటిదాకా మనవాడైన ఆటగాడు ఎదుటి జట్టు చొక్కా వేసుకుని మన ముందు ఆడుతుంటే ఆ వేలం అంకెలకు ప్రాణం వస్తుంది. హాకీకీ ఆ అవకాశం ఇవ్వండి.

డబ్బు గురించీ ఒక మాట. మీ 2024 వేలంలో అత్యధిక ధర పలికిన హర్మన్‌ప్రీత్ సింగ్‌కు సూర్మా క్లబ్ 78 లక్షలు ఇచ్చింది. మా విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2025 ఐపీఎల్‌కు సన్‌రైజర్స్ ఆరు కోట్లకు అట్టిపెట్టుకుంది. ఒక్క క్రికెటర్‌కు ఇచ్చింది మీ హాకీ జట్టు మొత్తం పరిమితి కంటే రెండు కోట్లు ఎక్కువ. నితీశ్ కష్టానికి ఆ డబ్బు న్యాయమే, మాకు గర్వమే. కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే తండ్రి ఏ ఆట వైపు పంపుతాడో ఈ అంకెలే నిర్ణయిస్తాయి. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. 2024లో మహిళల జట్టుకు పరిమితి రెండు కోట్లే. ఆ వేలంలో మహిళల్లో అందరికంటే ఎక్కువ పలికిన ఉదిత దుహాన్ ధర 32 లక్షలు. అదే మైదానం, అదే సమయం, అదే చెమట. ఈ తేడా ఏటా కొంతైనా తగ్గాలి.

తెలుగువాళ్లకు హాకీ రాదనుకోకండి. హైదరాబాద్‌కు చెందిన ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ ఎతిమరపు రజని 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడలో జరిగాయి. మీరు పుట్టిన గిరిజన గ్రామం సౌనామారా దేశానికి మిమ్మల్నీ, అమిత్ రోహిదాస్‌నీ ఇచ్చింది. మా కేకే లైను పొడవునా, అరకు కొండల్లో, అటు పార్వతీపురం మన్యంలో అలాంటి గ్రామాలే ఉన్నాయి. కొండలెక్కి దిగే ఆ పిల్లల కాళ్లలో వేగం ఉంది, ఊపిరిలో దమ్ముంది. లేనిదల్లా చేతిలో స్టిక్, కాలి కింద టర్ఫ్, వచ్చి చూసే సెలెక్టర్. 412 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన మీకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కర్లేదు.

అందుకే నాలుగు విన్నపాలు.

మొదటిది, ఏ జట్టయినా ఏ నగరం పేరు మీద లీగ్‌లోకి వస్తుందో ఆ నగరంలో సీజన్‌కు కనీసం రెండు మ్యాచ్‌లు ఆడాలన్న నియమం పెట్టండి. టర్ఫ్ లేకపోతే అదే రాష్ట్రంలో ఉన్నచోట ఆడించండి.

రెండోది, ప్రతి జట్టూ తీసుకునే జూనియర్లలో ఒకరు ఆ జట్టు సొంత రాష్ట్రం నుంచే రావాలి. అందుకోసం ఏటా వేలానికి ముందు ఆ రాష్ట్రంలో బహిరంగంగా సెలక్షన్ ట్రయల్స్ జరపాలి. మా ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల పిల్లలను వాటికి పిలవాలి.

మూడోది, జట్టు తప్పుకున్నా, ఊరు మారినా కారణం చెబుతూ లీగ్ ఒక ప్రకటన ఇవ్వాలి. ఆటగాళ్ల మార్పిడి, అట్టిపెట్టుకోవడం, వదిలేయడం వివరాలన్నీ ధరలతో సహా ఒకేచోట పెట్టాలి. అభిమాని వదంతుల మీద వాదించుకునే పరిస్థితి ఉండకూడదు.

నాలుగోది, మహిళల జట్ల పరిమితిని పురుషులతో సమానం చేసే గడువును ఇప్పుడే ప్రకటించండి.

వీటిలో మొదటి రెండూ మా రాష్ట్ర ప్రభుత్వం కలిసిరాకుండా జరగవు. ఉత్తరాంధ్రలో హాకీ టర్ఫ్‌కు స్థలం, నిధులు ఇవ్వాలని ఇక్కడి ఎమ్మెల్యేలనూ, ఎంపీలనూ మేం అడుగుతాం. ఆ బాధ్యత మాది. మీరు ఒక్కసారి విశాఖ వచ్చి, ఈ లీగ్‌లో ఉత్తరాంధ్రకు చోటుందని మా పిల్లల ముందు చెప్పండి. విశాఖ జట్టును మళ్లీ తీసుకురండి, ఈసారి విశాఖలో ఆడించండి.

ఇట్లు,
కొత్తవలస నుంచి ఒక హాకీ అభిమాని